బిళ్ళ మీది అంకె

పేకాటకు చింతపిక్కలు చాలుననుకునే జాతి మనది. పెళ్ళివారి విడిదిలో తెల్లవార్లూ రమ్మీ సాగేది. చింతపిక్క అయిదు పైసలు, గవ్వ పావలా. పొద్దున్నే పనిమనిషి చాపలు దులిపేసరికి వాటి విలువ కాస్తా చెత్తబుట్టలో పడేది. ఎవరికీ బాధ ఉండేది కాదు.

అమెరికావాళ్ళు చింతపిక్కలకు బదులు గుండ్రటి బిళ్ళలు అచ్చులో పోయించుకున్నారు. పోకర్ చిప్స్ అంటారు. (నూనెలో వేయించేవి కావు సుమండీ!) కాసినోలో డబ్బు కట్టి ఈ బిళ్ళలు పుచ్చుకుంటారు, ఆట అయ్యాక మిగిలినవి తిరిగిచ్చి డబ్బు తీసుకుంటారు, మిగిలితే. ఎప్పుడో మూతబడ్డ కాసినోల బిళ్ళలు పోగుచేయడం అక్కడ కొందరికి పిచ్చి. 1988 నుంచీ వాళ్ళకొక సంఘం కూడా ఉంది. ధరల పట్టికలతో లావుపాటి పుస్తకాలున్నాయి. ఇప్పుడా బేరాలన్నీ ఇంటర్నెట్టు వేలంపాటల్లోకి వచ్చాయి.

ఇవన్నీ నీకెందుకయ్యా అంటారా? చెబుతాను. న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాను. అదే వీధిలో ఉండే గుంటూరు అమ్మాయి ఒకనాడు వచ్చి, "బాబాయిగారూ, మీరు బాంకులో తాకట్టు నగలు చూసిన మనిషి. మా ఆయనకు కాస్త నచ్చజెప్పండి" అంది. కళ్ళలో నీళ్ళు ఒక్కటే తక్కువ. వాళ్ళమ్మను పిలిపించుకుందామని ఆ పిల్ల ఏడాదిగా దాచిన విమానం టిక్కెట్టు డబ్బు తొమ్మిదివందల డాలర్లు. దానితో ఆ అబ్బాయి పాత బిళ్ళలు కొంటాడట!

అతగాడు మంచివాడే. లెక్క కూడా పక్కాగా చెప్పాడు. "ఒక్కో బిళ్ళ మీద వంద డాలర్లని అచ్చు వేసి ఉంది బాబాయిగారూ. నలభై బిళ్ళలు. అంటే నాలుగు వేలు. అమ్మేవాడు తొమ్మిదివందలకే ఇస్తానంటున్నాడు."

"ఆ వంద ఇచ్చేదెవరు నాయనా?" అన్నాను.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. బిళ్ళ మీది అంకె, కాసినోవాడు మనకు రాసిచ్చిన ప్రోనోటులాంటిది. రాసిచ్చినవాడు కొట్టు కట్టేశాక దాన్ని ఎవరి మొహాన కొడతాం? నెవాడా రాష్ట్రంలోనైతే, కాసినో మూసేటప్పుడు బయట ఉన్న బిళ్ళలు మార్చుకోవడానికి గడువు ప్రకటించాలి. గడువు దాటిందా, అంకె అంకెగానే ఉంటుంది, అంతే.

న్యూజెర్సీలోనే జరిగిన ముచ్చట ఒకటి ఆ అబ్బాయికి చెప్పాను. అట్లాంటిక్ సిటీలో 1981లో ప్లేబాయ్ వాళ్ళ కాసినో తెరిచారు. (ఆ పేరెత్తితే మా ఆవిడ ఇప్పటికీ మొహం చిట్లిస్తుంది.) మూడేళ్ళకే పేరు మారింది, 1989లో తలుపులే మూతపడ్డాయి. మిగిలిన బిళ్ళలను పొడి చెయ్యమని మిసిసిపీలో ఒక కంపెనీకి పంపారు. అక్కడి ఉద్యోగి ఒకడు కొన్ని పెట్టెలు నొక్కేసి బాంకు లాకరులో దాచాడు. ఏళ్ళు గడిచాక అవి బయటపడి, వేలానికి వచ్చాయి. వాటిలో 389 బిళ్ళలు పాడుకున్న పెద్దమనిషి, అంకెల ప్రకారం తనకు 59,500 డాలర్లు రావాలని న్యూజెర్సీ ప్రభుత్వాన్ని అడిగాడు. 2023లో అప్పీలు కోర్టు కుదరదు పొమ్మంది. పొడి కావలసిన బిళ్ళ దొంగతనంగా బతికి బయటపడినంత మాత్రాన బాకీ పుట్టదు కదా!

అయితే అవి చెత్త అని కాదు. సేకరించేవాళ్ళు కొంటారు. కాని వాళ్ళు కొనేది అంకెను కాదు, అరుదును. పది సెంట్ల బిళ్ళ వంద డాలర్ల బిళ్ళ కంటే ఎక్కువ పలకవచ్చు. ఒకే రకం నలభై ఒకచోట దొరుకుతున్నాయంటే, ఎక్కడో పెట్టెలకు పెట్టెలు ఉన్నాయేమోనని అనుమానించాలి గాని సంబరపడకూడదు.

మనవాళ్ళకు వస్తువు విలువ కట్టడానికి రెండే మార్గాలు తెలుసు: తూచి చూడడం, చింతపండు పెట్టి తోమి చూడడం. ఈ బిళ్ళల దగ్గర రెండూ బోల్తా కొట్టిస్తాయి. కాసినోల పాత మట్టి బిళ్ళ తొమ్మిది, పది గ్రాములు తూగుతుంది. ఉత్త మట్టీ కాదది. మట్టిలో మరేవో కలిపి, వేడి చేసి, గట్టిగా అదిమింది. పదకొండున్నర, పధ్నాలుగు గ్రాములని గొప్పగా చెప్పి "మట్టి బిళ్ళ"లని అమ్మేవి చాలావరకు ప్లాస్టిక్కు. లోపల ఇనుపరేకు పెట్టి బరువు తెచ్చినవి. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం చూపిస్తే గుట్టు బయటపడుతుంది.

ఇక మెరుపు సంగతి. కొత్త బిళ్ళకు అంచు పదునుగా ఉంటుంది, మొహం మీద సన్నని గళ్ళ నేత కనబడుతుంది. వేల చేతులు మారినదానికి అంచు స్నానాల గదిలో సబ్బుబిళ్ళలాగా అరిగిపోతుంది. అమ్మేవాడు నూనె చుక్క రాసి తుడిస్తే రంగు నిగనిగలాడుతుంది గాని, అరిగిన అంచు తిరిగిరాదు. అందుకే పైనుంచి తీసిన ఫొటో నమ్మకూడదు. బిళ్ళలు దొంతరగా పేర్చి పక్కనుంచి తీసిన ఫొటో అడగాలి. గాజుపలక మీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరిగే బిళ్ళ వంగిపోయిందన్నమాట. నడుమ కన్నం పొడిచినవీ అంచు కోసినవీ కాసినోవాడే రద్దు చేసినవి; వాటి ధర తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, అడిగిన ధర చూడడం కాదు, అమ్ముడైన ధర చూడడం. సంతలో గిత్తకు మొదట చెప్పిన బేరాన్ని ఎవరైనా నమ్ముతారా? వేలంపాటల్లో అమ్ముడుపోయిన వాటిని విడిగా చూసుకునే వీలుంది. ముగ్గురం కూర్చుని చూశాం. అలాంటి బిళ్ళలే పన్నెండుకూ పదిహేనుకూ పోయాయి. ఆ అబ్బాయి మనసులో హెచ్చవేసుకున్నాడు కాబోలు, పెదవులు కదిలాయి. "పోనీ, సరదాకి రెండు కొననా?" అన్నాడు. భార్య మాట్లాడకుండా లేచి, టిక్కెట్టు కొనడానికి కంప్యూటరు తనవైపు తిప్పుకుంది.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళకు ఇంకొక్క సంగతి. అక్కడ ఇళ్ళ ముందు పాత సామాన్లు అమ్ముతుంటారు. చెక్కపెట్టెల్లో ఇలాంటి బిళ్ళలు కనబడతాయి. దంతానివంటే జోలికి పోవద్దనండి. ఈబే 2009 నుంచీ దంతపు వస్తువులు అమ్మనివ్వడమే లేదు. "బేకలైట్" అని మరికొన్నిటిని అమ్ముతారు. 1907లో బేక్లండ్ కనిపెట్టిన సరుకు. మన పాత రేడియో పెట్టెలూ స్విచ్చులూ దానివే. నిజమైన బేకలైట్ రకం బిళ్ళలకు మంచి గిరాకీ ఉంది గనుక పాత ప్లాస్టిక్కుకల్లా ఆ పేరు తగిలిస్తారు. తెలుపు కాలం గడిచేకొద్దీ వెన్నపూస పసుపుకు తిరుగుతుంది. మల్లెపూవులా ఉంటే అనుమానించవలసిందే. వేడినీళ్ళలో కాసేపు ముంచి తీస్తే ఆసుపత్రి మందు వాసన ఘాటుగా కొడుతుంది. వాసన ఫొటోలో రాదు కనుక, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానని రాసి ఇచ్చినవాడి దగ్గరే కొనమనండి.