హెచ్చరిక: పులి బోనులోకి ఎలుక దారి

రెండు రోజుల సెలవు దొరికితే చాలు, బరంపురం తెలుగువాళ్లం పిల్లల్ని వెంటేసుకుని హల్దియాపదర్ దగ్గర జాతీయ రహదారి ఎక్కేస్తాం. రమారమి 170 కిలోమీటర్లు పోతే భువనేశ్వర్, ఆ పక్కనే నందన్‌కానన్. సంచిలో పులిహోర, చేతిలో మరమరాల పొట్లం. పిల్లలు తెల్లపులి కోసం ముందు పరుగెడతారు, మనం పొట్లం విప్పి వెనక నడుస్తాం. ఆ పొట్లం, దాని కోసం వచ్చే ఎలుక గురించే ఈ మాట.

నందన్‌కానన్ 1960లో మొదలైంది. 1980లో అక్కడ మామూలు రంగు పులుల జంటకు తెల్ల కూనలు పుట్టి దేశమంతా చెప్పుకున్నారు. 2000 జులైలో అదే జూలో, కొద్ది రోజుల్లోనే, పదికి పైగా పులులు చనిపోయాయి. కారణం ట్రిపనోసోమా ఇవాన్సీ అనే రక్త పరాన్నజీవి. గేదెలకు, గుర్రాలకు వచ్చే సర్రా వ్యాధి దీనివల్లే. దాన్ని ఒక జంతువు నుంచి మరో జంతువుకు మోసేది జోరీగ. ఆనాడు వేలెత్తి చూపింది జోరీగ వైపే గాని ఎలుక వైపు కాదు, ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. అయితే జోరీగ తనంతట తాను రోగాన్ని పుట్టించదు. ఎక్కడో ఒక జంతువు రక్తంలో అది దాగి ఉండాలి. ఆగ్నేయాసియాలో పరిశోధకులు వెతికితే అడవి ఎలుకల ఒంట్లోనూ ఇదే క్రిమి జాడ దొరికింది. పైగా రోగమున్న జంతువు పచ్చి మాంసం, రక్తం నోట పడినా మాంసాహార జంతువులకు సర్రా అంటుకోగలదు. బోనులోకి దూరిన ఎలుకను ఏ పులీ వదిలిపెట్టదు.

ఇది జంతువుల గొడవే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు ఈ ట్రిపనోసోమా ఇవాన్సీయే సోకింది. మందుతో బతికాడు. ఎలుకల్లో ఉండే దీని దాయాది ట్రిపనోసోమా లూవిసీ మన దేశంలోనే పసిపిల్లల రక్తంలో కనబడిన సందర్భాలున్నాయి.

ఎలుక మోసేది ఈ ఒక్క క్రిమినే కాదు. టాక్సోప్లాస్మా అనే మరో క్రిమి సంగతి చూడండి. అది సోకిన ఎలుకకు పిల్లి వాసనంటే భయం తగ్గుతుంది. పిల్లికి సులువుగా దొరుకుతుంది. ఆ పిల్లి వారం, రెండు వారాల పాటు తన మలంలో గుడ్లలాంటి కణాలను లక్షల్లో వదులుతుంది. తడి మట్టిలో అవి ఏడాదికి పైగా బతకగలవు. గడ్డితోనో ఆకుతోనో కంగారూల, లీమర్ల, దక్షిణ అమెరికా చిన్న కోతుల కడుపులోకి చేరితే ఆ జంతువులు తట్టుకోలేవు. ఉదయం గంతులేసిన జీవి మర్నాటికి పడిపోయి ఉంటుంది. కాపలావాడికి ముందుగా ఏ గుర్తూ కనబడదు. జూలో పిల్లి ఎందుకు తిరుగుతోంది? ఎలుకలున్నాయి గనక. ఎలుకలెందుకున్నాయి? తిండి దొరుకుతోంది గనక.

ఇంకొక పురుగు ఎలుక కాలేయంలోనే గుడ్లు పెట్టి, ఆ ఎలుక చచ్చేదాకానో, దాన్ని మరొకటి తినేదాకానో కాచుకుని ఉంటుంది. జూ కోతుల కాలేయాల్లోనూ అది బయటపడింది. ఎలుక ఊపిరితిత్తుల పురుగు నత్తల మీదుగా కోతుల మెదడుకు చేరుతుంది. ఎలుకల పెంటికల్లోని బద్దెపురుగు గుడ్లు దాణాలో కలుస్తాయి.

ఇంగ్లీషువాళ్ల ‘బాండికూట్’ మన పందికొక్కు నుంచే వెళ్లింది. ప్రపంచానికి ఆ జంతువు పేరు చెప్పినవాళ్లం, దాని తిండి యావ గురించి ఒకరితో చెప్పించుకోనక్కర్లేదు. పందికొక్కు ఇనుప ఊచలకు వెరవదు, పునాది కింద నుంచి తవ్వుకుంటూ వస్తుంది. వానలకు బొరియలు మునిగితే మెరక వెతుక్కుంటుంది. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటడం చూసిన గంజాం జనానికి, నీళ్లొచ్చిన ఊళ్లో ఎలుకలు ఎటు పరుగెడతాయో తెలుసు. పొడి నేల, దాణా కొట్టు, వెచ్చని గుడిసె ఎక్కడుంటే అటే. జూలో ఈ మూడూ ఉంటాయి.

అందుకే దాణా గదుల తలుపు కింద సందులు ఇప్పుడే, వానలు ముదరక ముందే, రేకు కొట్టి మూయించాలి. మిగిలిన మాంసం, పండ్లు రాత్రికి బోనులో ఉండకూడదు. చచ్చిన ఎలుక కనబడితే పారేసి ఊరుకోకుండా పశువైద్యుడి బల్ల మీదికి చేర్చాలి. జబ్బు మొదట కనబడేది అక్కడే. ఎలుకల మందు చల్లి చేతులు దులుపుకోవడం మాత్రం వద్దు. ఆ మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటుంది, అడవిపిల్లి తింటుంది. అవీ చస్తాయి. ఎలుక బోనులు పెట్టి పట్టాలి, కలుగులు పూడ్చాలి. కష్టమే, ఖర్చే. పులులను పోగొట్టుకున్న జూకు ఇది పెద్ద ఖర్చు కాదు.

మన వంతు ఇంతకన్నా సులువు. జూలో జంతువులకు తిండి పెట్టడం, చెత్త వేయడం నేరమని వన్యప్రాణి సంరక్షణ చట్టం 38-జె సెక్షన్ చెబుతోంది. కోతికి ముద్దుగా విసిరిన బిస్కెట్‌లో సగం నేల మీద పడుతుంది. చీకటి పడ్డాక దాన్ని ఏరుకునేది కోతి కాదు.

ఈ సెలవుల్లో నందన్‌కానన్ వెళ్తున్న అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా, ఒక ఖాళీ సంచి వెంట తీసుకెళ్లండి. విప్పిన పొట్లం, మిగిలిన ముద్ద, అరటి తొక్క అన్నీ అందులో వేసి ముడి కట్టి, బయటికి వచ్చాకే పారేయండి. ఆ సంచిని మీ పిల్లల చేతికే ఇవ్వండి.