కొయ్యకు తెలిసిన ఋతువులు

వడ్రంగం ఇంటివద్దనే నేర్చుకొనవలెనని పశ్చిమ ఢిల్లీలోని కీర్తినగర్ కలప బజారులో శీషమ్ పలకలు కొని తెచ్చాను. మే నెలలో వాటితో బల్లకు సొరుగు చేశాను. వడగాడ్పుల దినాలలో అది సులువుగా జారేది. ఆగస్టు వానలకు బిగుసుకొనిపోయింది. గట్టిగా లాగితే పిడి ఊడి చేతికి వచ్చింది!

మొదట రంపాన్ని, ఉలిని నిందించాను. తప్పు నాదే. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, పొడిగాలికి కుదించుకొంటుంది. ఈ మార్పు నార పొడవున అత్యల్పం. నారకు అడ్డంగా, అనగా పలక వెడల్పునందే, ఎక్కువ. మేలో ఎండి, ఆగస్టులో చెమర్చే ఢిల్లీ గాలి ఈ సంగతిని మరువనివ్వదు.

కనుక తెచ్చిన కలపను వెంటనే కోయకండి. పలకల నడుమ సన్నని పుల్లలు ఉంచి, కొన్ని వారాలు ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి. వేసవిలో చేసే సొరుగుకు పైన కొంచెం సందు వదలండి. తలుపు చట్రంలో వెడల్పాటి పలకను జిగురుతో బిగించక, గాడిలో వదులుగా నిలపండి.

వానలు వెలిసిన పిదప నా సొరుగు తానే వదులయింది. పై అంచును చిత్రిక పట్టి కొంత తగ్గించాను. మరుసటి ఆగస్టులో అది చిటికెనవ్రేలితో లాగినా తెరచుకొన్నది.