చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు

కిందటి దసరాకు మా పెద్దమ్మాయి బెంగుళూరు నుంచి బళ్ళారి వస్తూ ఆఫీసువాళ్ళిచ్చిన కొత్త ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకుంది. పండగపూట కూడా దాని ముందునుంచి లేవలేదు. "ఏమ్మా, కొత్తదేగా, అప్పుడే రిపేరేమిటి?" అన్నాను. "రిపేరు కాదు నాన్నా, పాతదాంట్లో ఆరేళ్ళుగా చేసుకున్న అమరికలన్నీ పోయాయి. మళ్ళీ మొదటినుంచీ రాసుకుంటున్నాను" అంది.

నేను బి.కాం. చదివినవాణ్ణి. బ్యాంకులో రోజూ కంప్యూటరు వాడతాను గానీ దాని కడుపులో ఏముందో ఎరగను. అయినా అడిగి తెలుసుకున్నాను. మన ఇళ్ళల్లో ఈ ఉద్యోగాలు చేసే పిల్లలు చాలామందే ఉన్నారు గనుక మీతో చెబుతున్నాను.

బొమ్మలు నొక్కకుండా, అక్షరాలు టైపు చేసి కంప్యూటరుకు పని చెప్పడానికి వాడే ప్రోగ్రామును షెల్ అంటారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. 1989లో వచ్చిన బాష్, 1990లో వచ్చిన జెడ్‌షెల్ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. షెల్ తెరవగానే మనం రాసిపెట్టుకున్న ఒక ఫైలును చదువుకుంటుంది. పొడుగాటి ఆజ్ఞలకు మనం పెట్టుకున్న ముద్దుపేర్లు, ఏ ప్రోగ్రామును ఎక్కడ వెతకాలి, తెరమీద ఏం కనబడాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది. చుక్కతో మొదలైన పేర్లు మామూలు జాబితాలో కనబడవు. కనబడనిదాన్ని కాపీ చేసుకోవాలని ఎవరికి గుర్తుంటుంది? పాత మిషను అప్పగించేటప్పుడు ఫొటోలు తీసుకున్న మా అమ్మాయి వీటిని మరిచిపోయింది.

"ఒకే ఖాతాకు రెండు లెడ్జర్లుంటే నిల్వ ఎన్నటికీ కలవదు. అన్నీ ఒకేచోట పెట్టుకో" అని నా బ్యాంకు సలహా పడేశాను.

అలాగే చేసింది. ఫైళ్ళన్నీ ఒక ఫోల్డరులో చేర్చింది. షెల్ వెతికేచోట అసలు ఫైలుకు బదులు దానికి దారి చూపే లింకు పెట్టింది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే ప్రోగ్రాముతో ఏ మార్పు ఏ తేదీన చేసిందో నమోదయ్యే ఏర్పాటు చేసింది. ఒక ప్రతి ఇంటర్నెట్‌లో దాచింది. ఇక ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా అయిదు నిమిషాల్లో తన సరంజామా సిద్ధం.

వారం తిరక్కుండానే రాత్రి పదకొండింటికి ఫోను. గొంతులో వణుకు. ఆ ఫైళ్ళలో పాస్‌వర్డులాంటి రహస్యపు కీ ఒకటి ఉండిపోయిందట. దాచినచోటేమో అందరూ చూడగలిగేది! "తీసెయ్యమ్మా" అన్నాను. "తీసేసినా పాత ప్రతి గిట్‌లో ఉంటుంది నాన్నా" అంది. అప్పుడర్థమైంది. లెడ్జరులో తప్పు పడితే మేము చెరపం. గీత కొట్టి, పొట్టి సంతకం పెడతాం. కింద ఉన్నది ఎవరైనా చదవచ్చు. తాళంచెవి పోతే ముందు తాళం మార్చాలి. ఆ రాత్రే పాత కీ రద్దుచేసి కొత్తది తీసుకుంది, ఆ తరువాతే పాత ప్రతులు తుడిచింది. నష్టం జరగలేదు గానీ ఇద్దరికీ నిద్ర లేదు.

ఈ అనుభవంతో తెలుసుకున్నవి నాలుగు:

1. కంప్యూటరు మారేముందే చుక్క ఫైళ్ళను చూసుకోవాలి. మామూలు జాబితాను నమ్మకూడదు.

2. అసలు ప్రతి ఒక్కటే ఉండాలి. మార్పు అక్కడే చేసి, మిగతాచోట్లకు తెచ్చుకోవాలి.

3. ఒక్కో మిషనుకు ప్రత్యేకమైనవి వేరే చిన్న ఫైలులో ఉంచి, పెద్ద ఫైలు దాన్ని చదివేలా రాసుకోవాలి. 2019 నుంచి మాక్ కంప్యూటర్లలో జెడ్‌షెల్ ముందుగా వస్తుంది. లినక్స్‌లో ఎక్కువచోట్ల బాష్. రెండింటికీ ఫైళ్ళ పేర్లే వేరు.

4. పాస్‌వర్డులు, కీలు, ఆఫీసు రహస్యాలు వీటిలో రాయకూడదు. దాచేచోటు మనకు మాత్రమే కనబడేదైనా సరే.

అన్నీ ఒకేచోట అన్న నా సలహాను ఇలా దిద్దుకుంటున్నాను: అలవాట్లు ఒకచోట, తాళాలు ఇంకోచోట. ముప్పై ఏళ్ళుగా స్ట్రాంగ్‌రూము తాళంచెవులను లెడ్జరుతో కలిపి ఏనాడూ పెట్టనివాణ్ణి, సొంత బిడ్డకు ఆ మాట చెప్పడం మరిచాను. మీరు మరవకండి. ఈ పండక్కి పిల్లలు ఇంటికొచ్చినప్పుడు ఒక్కసారి అడిగి చూడండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.