స్విమ్మింగ్ పూల్‌కి స్మార్ట్ యాప్ కన్నా టెస్ట్ కిట్ ముఖ్యం!

మా బావ కరీంనగర్ దగ్గర తోటలో పిల్లల కోసం చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, "బామ్మర్దీ, నువ్వు సాఫ్ట్‌వేర్ గదా, నీళ్లు సాఫ్ చేసే మిషన్ ఏది తీస్కోవాల్నో జర చూసి చెప్పు" అన్నాడు. ఆయన పంపిన లింక్ ఓపెన్ చేస్తే యూవీ ల్యాంప్, బ్లూటూత్, యాప్‌లో గ్రాఫులు, పైన పెద్ద అక్షరాలతో 'క్లోరిన్ అవసరం లేదు' అని ఉంది. గాడ్జెట్ పిచ్చి ఉన్న నాకు భలే నచ్చింది. కానీ నా ఓటు దానికి కాదు.

కారణం సింపుల్. యూవీ మిషన్ తన లోపలి నుంచి వెళ్లే నీటినే శుద్ధి చేస్తుంది. పిల్లలు ఆడుతున్న నీటిలో దాని ప్రభావం మిగలదు. క్లోరిన్ మాత్రం నీళ్లలోనే ఉండి కాపలా కాస్తుంది. క్లోరిన్‌కి త్వరగా లొంగని క్రిప్టోస్పోరిడియం మీద యూవీ బాగా పనిచేస్తుంది, ఒప్పుకుంటా. అంటే అది క్లోరిన్‌కి తోడు మాత్రమే, బదులు కాదు.

ఇది చిన్న విషయం కాదు. 2024, 2025లో కేరళలో 'మెదడు తినే అమీబా' కేసులు చూశాం కదా. నెగ్లేరియా అనే ఆ అమీబా వేడి నీళ్లలో బాగా పెరుగుతుంది, ముక్కు ద్వారా లోపలికి పోతుంది. మన కరీంనగర్, ఆదిలాబాద్ ఎండల్లో పూల్ నీళ్లు ఎంత కాగుతాయో చెప్పక్కర్లేదు. క్లోరిన్ సరిగ్గా ఉంటే దాని ఆట సాగదు.

మరి సాల్ట్ క్లోరినేటర్? అది కూడా క్లోరిన్ సిస్టమే. ఉప్పు నీటి నుంచి కరెంటుతో క్లోరిన్ తయారుచేస్తుంది. రోజూ మందు కలిపే పని తప్పుతుంది. కానీ మీది ఉప్పెక్కువున్న బోరు నీళ్లయితే ఆలోచించండి. గీజర్ కాయిల్ మీద పట్టే తెల్ల పొరే దాని ప్లేట్ల మీదా పడుతుంది.

లెక్క చూద్దాం. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు అంటే 21,600 లీటర్లు. సాల్ట్ సిస్టమ్‌కి 3,000 పీపీఎం కావాలంటే మొదట్లోనే దాదాపు 65 కిలోల ఉప్పు పొయ్యాలి. అదే 10 శాతం లిక్విడ్ క్లోరిన్ అయితే, 1 పీపీఎం పెంచడానికి సుమారు 220 మిల్లీలీటర్లు చాలు. ఎండకి దాని పవర్ తగ్గిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కొని, నీడలో పెట్టుకోవాలి.

పూల్‌లో కూడా ఎండకి క్లోరిన్ గంటల్లోనే ఎగిరిపోతుంది. సయన్యూరిక్ యాసిడ్ కలిపితే కాస్త ఆగుతుంది. అయితే అది మోతాదు మించితే క్లోరిన్ పనే మందగిస్తుంది. అందుకే టెస్ట్ కిట్ కావాలి. ఫ్రీ క్లోరిన్ కనీసం 1 పీపీఎం, సయన్యూరిక్ వాడితే 2, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఇంట్లో ఉన్న టీడీఎస్ మీటర్ ఇవేవీ చెప్పదు!

ఇంకో మాట: రెండు రకాల క్లోరిన్‌లను గానీ, క్లోరిన్‌నీ యాసిడ్‌నీ గానీ ఎప్పుడూ కలపొద్దు. మంటలు, విషవాయువు రావొచ్చు.

బావకి నేను చెప్పింది ఇదే: ముందు మంచి ఫిల్టర్, లిక్విడ్ క్లోరిన్, టెస్ట్ కిట్. పైసలు మిగిలితే యూవీ. యాప్ ఆఖర్న. "గంతేనా?" అన్నాడు బావ. గంతే!