తప్పు దిద్దే అధికారం ఊరి దగ్గరే ఉండాలి

రైతుకు 11 అంకెల విశిష్ట సంఖ్య ఇచ్చే ఫార్మర్ రిజిస్ట్రీ నమోదు 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదలైంది. ఇది కేంద్ర ప్రభుత్వ డిజిటల్ అగ్రికల్చర్ మిషన్‌లో భాగం. 2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం రూ.2,817 కోట్లతో ఈ మిషన్‌ను ఆమోదించింది. 2026-27 నాటికి 11 కోట్ల మంది రైతులకు ఈ సంఖ్య ఇవ్వాలన్నది లక్ష్యం. రైతు వివరాలు, గ్రామ పటాలు, సాగు చేసిన పంటలు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కితే పథకాలు, రుణాలు, బీమా, పంట అమ్మకం సులువవుతాయని చెబుతున్నారు. నిజంగా సులువైతే ఏ రైతు వద్దంటాడు? కానీ ఇలాంటి మాటలు నమ్మి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్న అనుభవం మనకుంది. ప్రభుత్వ శాఖలు తెచ్చే సాంకేతిక పథకాల్లో కొన్ని ఎందుకు నిలబడతాయి, కొన్ని రైతు మెడకు ఎందుకు చుట్టుకుంటాయి అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

పక్కనున్న కర్ణాటకను చూద్దాం. అక్కడి రెవెన్యూ శాఖ 2000 ప్రాంతంలో 'భూమి' పథకాన్ని అమల్లోకి తెచ్చింది. 67 లక్షల మంది రైతులకు చెందిన సుమారు 2 కోట్ల పహాణీలను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అక్కడ పని జరగడానికి కారణాలు చాలా సాదా సీదావి. తాలూకా కేంద్రంలోనే కౌంటరు పెట్టి, రూ.15కే పహాణీ నకలు ఇచ్చారు. చేతిరాత నకళ్లు చెల్లవని ప్రకటించి పాత దారి మూసేశారు. మ్యుటేషన్ దరఖాస్తులను వచ్చిన వరుసలోనే పరిష్కరించాలన్నారు. ఏ మార్పు ఏ ఉద్యోగి చేశాడో తెలిసేలా వేలిముద్ర పెట్టించారు. పాత తగాదాలను 'భూమి' తీర్చలేదు. పాత రికార్డులో ఉన్న తప్పు కంప్యూటర్‌లోకీ వచ్చింది. అయినా నకలు కోసం ఉద్యోగిని బతిమాలుకునే అవసరం చాలావరకు తగ్గింది.

ఇక తెలంగాణ ధరణి. 2017లో చేపట్టిన భూ రికార్డుల ప్రక్షాళనను కొద్ది నెలల్లోనే ముగించారు. వివాదం ఉందనుకున్న భూములను పార్ట్-బిలోకి నెట్టారు. ఆ వివరాల పునాది మీదే 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభించారు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేరోజు తహసీల్దారు ఆఫీసులోనే పూర్తి కావడం మంచి మార్పే. రికార్డు సరిగ్గా ఉన్న రైతుకు అది మేలు చేసింది. రికార్డులో తప్పు పడిన రైతు సంగతేమిటి? అదే ఏడాది వీఆర్వో వ్యవస్థను రద్దు చేయడంతో ఊళ్లో అడగడానికి మనిషి లేకుండా పోయాడు. అనుభవదారు కాలమ్ పోయింది. విస్తీర్ణంలో ఒక గుంట తగ్గినా, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కినా మీసేవలో ఫీజు కట్టి టీఎం-33 వంటి దరఖాస్తులు పెట్టుకోవడం, కలెక్టరేటు వైపు చూస్తూ కూర్చోవడం తప్ప దారి లేకపోయింది. అది కూడా కాకపోతే సివిల్ కోర్టే. పాసుపుస్తకం లేకపోతే అప్పట్లో రైతుబంధు అందేది కాదు, బ్యాంకు రుణం దొరికేది కాదు. చివరకు 2024లో కొన్ని అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీవోలకు అప్పగించారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చి అప్పీలుకు వీలు కల్పించింది. గ్రామాలకు మళ్లీ పాలన అధికారులను నియమించాల్సి వచ్చింది. ఆలోచించి మొదటే చేయాల్సిన పని ఐదేళ్లు రైతులను ఏడిపించాక చేశారు.

రెండు అనుభవాలూ చెప్పేది ఒకటే. సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదన్న దాని మీద పథకం నిలబడదు. లోపలికి ఎక్కించే వివరం నేల మీది వాస్తవంతో సరిపోవాలి. తప్పు దొర్లితే దిద్దే అధికారం, బాధ్యత రైతుకు అందుబాటులో ఉన్న అధికారికి ఉండాలి. గడువు, లక్ష్యం పేరుతో తొందరపెడితే కింది ఉద్యోగి లెక్క పూర్తి చేసి చేతులు దులుపుకుంటాడు. నష్టం రైతుకే మిగులుతుంది.

ఫార్మర్ రిజిస్ట్రీలో అదే తప్పు పునరావృతమయ్యే ప్రమాదం ఉంది. భూమి రికార్డు ఆధారంగా రైతును గుర్తిస్తే కౌలు రైతు ఎక్కడికి పోవాలి? 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదార్ల చట్టం వచ్చినా తెలంగాణలో గుర్తింపు కార్డులు మూలన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే యజమాని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. చేలో చెమటోడ్చే మనిషి కంప్యూటర్‌లో కనిపించకపోతే పంట నష్టపరిహారం, బీమా ఎవరి ఖాతాలో పడతాయో చెప్పనక్కర్లేదు. సాదా బైనామా కొనుగోలుదార్లది, విరాసత్ పూర్తికాని కుటుంబాలది, పట్టా భర్త పేరునే ఉండిపోయిన మహిళలది కూడా ఇదే పరిస్థితి.

అందుకే ప్రభుత్వాలను డిమాండ్ చేస్తున్నాం. నమోదైన వివరాలను గ్రామసభలో చదివి వినిపించాలి, పంచాయతీ గోడకు అంటించాలి. తప్పుల సవరణకు ఫీజు ఉండకూడదు. మండల స్థాయిలోనే గడువులోగా పరిష్కరించాలి, తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి. యజమాని సంతకంతో పని లేకుండా వాస్తవ సాగుదారును నమోదు చేయాలి. సర్వర్ పనిచేయలేదనో, వేలిముద్ర పడలేదనో ఏ రైతుకూ సాయం ఆపకూడదు.

సంఘ సభ్యులకు ఒక మాట. మీ సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఆధార్‌లో పేరు, పాసుపుస్తకంలో పేరు సరిచూసుకోండి. దరఖాస్తు రశీదు దాచుకోండి. ఊరిలో నమోదు కాని కౌలు రైతుల జాబితా గ్రామ కమిటీలే తయారు చేసి తహసీల్దారుకు, వ్యవసాయాధికారికి ఇచ్చి రశీదు తీసుకోవాలి. లెక్కలు మన చేతిలో ఉంటేనే అధికారులను నిలదీసి అడగగలం.