అంకెలకూ అనువాదం కావాలి

వాక్యం మధ్యలో అంకె కనిపిస్తే అనువాదకుడికి ప్రాణం లేచివచ్చినట్లుంటుంది. సామెతకు సాటి సామెత వెదకాలి. శ్లేష ఎదురైతే తలపట్టుకోవాలి. అంకెను మాత్రం ఉన్నదున్నట్లు దింపివేయవచ్చు. ఇరవై ఏళ్ళుగా నేనూ అలాగే నమ్మాను. అమెరికన్ల బేస్‌బాల్ క్రీడను గురించిన వ్యాసమొకటి తెనిగించవలసి వచ్చినప్పుడు ఆ నమ్మకం కాస్తా సడలిపోయింది.

ఆ ఆటలోని బ్యాటింగ్ సగటు మన క్రికెట్ సగటు వంటిది కాదు. లెక్కకు వచ్చే అవకాశాలలో ఆటగాడు ఎన్నిసార్లు బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరాడన్నదే అక్కడ ప్రధానం. వెయ్యికి మూడు వందలు దాటితే మేటి. అంటే పదింట ఏడుసార్లు విఫలుడైనవాడికే వారు బ్రహ్మరథం పడతారన్నమాట!

1930లో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు బిల్ టెర్రీ 633 అవకాశాలలో 254 సార్లు సఫలుడయ్యాడు. సగటు వెయ్యికి 401. 1968లో బోస్టన్ రెడ్‌సాక్స్ ఆటగాడు కార్ల్ యస్ట్రెమ్‌స్కీ 539 అవకాశాలలో 162 సార్లు సఫలుడై, 301 సగటుతో అమెరికన్ లీగ్‌లో ప్రథముడిగా నిలిచాడు. అంత తక్కువ సగటుతో లీగ్ ప్రథముడైనవాడు అంతకు ముందు లేడు. 2025 వరకు మరొకడు రాలేదు.

నూరు అంకెల తేడా! ఇద్దరికీ పోలికేమిటి అనిపిస్తుంది. అయితే ఆయా సంవత్సరాలలో తక్కినవారు ఎలా ఆడారో చూడండి. 1930లో నేషనల్ లీగ్ మొత్తానికే సగటు 303. ఆ ఏడు ఫిలడెల్ఫియా జట్టు 315 సగటు సాధించి కూడా 102 ఆటలు ఓడి అట్టడుగున నిలిచింది! 1968లో అమెరికన్ లీగ్ సగటు 230 మాత్రమే. టెర్రీ తన తోటివారికంటె సుమారు 32 శాతం మిన్న; యస్ట్రెమ్‌స్కీ సుమారు 31 శాతం మిన్న. కొండంత తేడా ఒక్క శాతానికి కుదించుకుపోయింది.

కారణం లేకపోలేదు. 1968లో బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తు 15 అంగుళాలు. మరుసటి ఏడు దానిని 10 అంగుళాలకు తగ్గించారు. బంతి పడవలసిన మేరనూ కుదించారు. లీగ్ సగటు 246కు పెరిగింది. ఒక్క శీతకాలంలో ఆటగాళ్ళందరూ ప్రతిభావంతులు కాలేదు. దిబ్బ దిగింది, అంతే!

జీవితకాలపు సగటులకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. టెర్రీది 341, ఇరవై మూడేళ్ళు ఆడిన యస్ట్రెమ్‌స్కీది 285. అయినా ఆ క్రీడా విలేకరులు 1954లో టెర్రీకి, 1989లో యస్ట్రెమ్‌స్కీకి ఆ ఆట కీర్తిమందిరంలో స్థానమిచ్చారు. అంకెను చదవడం వారికి తెలుసు.

ఆ అనువాదం ముగించిన వారంలోనే, పాత ట్రంకుపెట్టెలో మా నాన్నగారి మార్కుల పత్రం దొరికింది. గణితంలో 58. మా అబ్బాయి చూసి నవ్వాడు. వాణ్ణి మందలించబోయి ఆగిపోయాను. డిగ్రీలో ప్రథమశ్రేణి తెచ్చుకున్న రోజుల్లో అదే పత్రాన్ని చూసి నేనూ లోలోపల నవ్వుకున్నవాణ్ణే. మూడు మైళ్ళు నడిచి బడికి వెళ్ళి, కిరసనాయిలు దీపం ముందు చదువుకున్న ఆ తరగతిలో తక్కినవారికి ఎన్నెన్ని మార్కులు వచ్చాయో నాన్నగారిని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

ఆ 58ని నేను ఏ భాషలోకీ అనువదించలేను. మీ ఇంట్లో పెద్దవారు ఉన్నట్లయితే, ఈ పూటే అడగండి.