గొర్రెల దొడ్డి దగ్గర తట్టిన ఆలోచన
సెప్టెంబరులో మేం నలుగురం ఐస్‌లాండ్ వెళ్లి, డబ్బు కట్టి మరీ, గుర్రాలెక్కి గొర్రెల్ని తోలుకొచ్చాం. వేసవంతా కొండల మీద కాపరి లేకుండా మేసిన మందల్ని చలి ముదరకముందే కిందికి దింపుతారు. ముందుండి నడిపించే పెద్దను ‘కొండరాజు’ అంటారు. కింద గుండ్రటి దొడ్డి, చుట్టూ అరలు, ఒక్కో రైతుకి ఒక్కోటి. చెవికి పెట్టిన గంటు చూసి ఎవరి గొర్రెను వాళ్ల అరలోకి లాగాలి. మేం లాగినవి సగం పక్కవాళ్ల అరలోకే పోయాయి లెండి!

పట్నాల్లో స్థిరపడ్డ పిల్లలూ ఆ రోజుకి ఊరొస్తారు. వచ్చి కూర్చోరు, పని చేస్తారు. మన షోలాపూర్‌లో ఉగాదికి యువత రావట్లేదని ఏటా వాపోతాం. వాళ్లకు మనమిచ్చేది కుర్చీ, ఉపన్యాసం, భోజనం కూపను. ఈసారి పందిరి, సరుకులు, వంట వాళ్లకే అప్పగిద్దాం. వచ్చే సమావేశంలో ఈ మాట పెడుతున్నాం. కాదనేవాళ్లు కూడా తప్పక రండి.